వంశవృక్షం సరే, ఆ పాత చిట్టాలు ఎక్కడ?

మా విభాగానికి ఫోన్ చేసేవాళ్లలో చాలామంది మొదలుపెట్టేది ఒకే రకంగా. "మేడమ్, మా వంశవృక్షం తయారు చేశాం. ఏడు తరాలు దొరికాయి. యూనివర్సిటీలో పెడతారా?" పెడతాం, ఇబ్బందేం లేదు. కొన్నాళ్లకు పెద్ద చార్టు వస్తుంది. పైన ఇలవేల్పు బొమ్మ, కింద కొమ్మలూ రెమ్మలూ, చిట్టచివర మొన్న డల్లాస్‌లో పుట్టిన మనవడి పేరు. చాలా కష్టపడి చేసి ఉంటారు, చూస్తేనే తెలుస్తుంది. బాగుందని చెప్పాక నేను అడిగే ప్రశ్న మాత్రం వాళ్లకు పెద్దగా నచ్చదు. "ఈ పేర్లు ఏ కాగితాల్లోంచి తీశారండీ? అవి ఇప్పుడెక్కడున్నాయి?"

"అవా... చెదలు పట్టిన చిట్టాలూ, పాత రశీదులూనండీ. ఇల్లు పడగొట్టేటప్పుడు తీసేశాం."

నేను పనిచేసేది ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో, చేతిరాత ప్రతుల విభాగంలో. బోర్డు మీద పేరు గంభీరంగానే ఉంటుంది. లోపల మేం చేసే పని బ్రష్షుతో దుమ్ము దులపడం, పుటలు లెక్కపెట్టడం, జాబితాలు రాయడం. తాళపత్రాల కోసం వచ్చే పండితులకు మా దగ్గర ఎప్పుడూ గౌరవం ఉంది. ఇంటి కాగితాలు తెచ్చేవాళ్లకు అంత మర్యాద దొరకదు. "ఇందులో కావ్యం ఏమీ లేదుగా" అని పెదవి విరిచే పెద్దల్ని మా రంగంలోనే చూశాను. నాకు ఆ చూపు నచ్చదు. ఈ ఉద్యోగంలో నన్ను కట్టిపడేసింది కావ్యాలు కాదు, లెక్కల పుస్తకాలు.

చార్టుతో వచ్చిన చిక్కేమిటంటే, అది ఒకరి నిర్ణయం. ఎవరు ఎవరి కొడుకో చేసినవాళ్లు తేల్చేసి గీత గీశారు. ఎలా తేల్చారో చార్టులో ఉండదు. మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెట్టడం మామూలు. కాబట్టి ఒకే ఇంటిపేరుతో, ఒకే ఊళ్లో, తరం విడిచి తరం వెంకటసుబ్బయ్యలు వస్తారు. బాబాయి పిల్లల్లో మరో వెంకటసుబ్బయ్య ఉంటాడు. దస్తావేజులో ఉన్నది తాతా మనవడా అని తేల్చేది వయసు, తండ్రి పేరు, సాక్షుల పేర్లు, చేవ్రాలు. తాత గొలుసుకట్టులో, అంటే అక్షరాలు కలిపి రాసే పాత రాతలో, సంతకం చేసేవాడు, మనవడు బళ్లో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో చేశాడు. ఆ తేడా అసలు కాగితం మీద కనిపిస్తుంది. చార్టులో ఇద్దరూ ఒకే ఫాంటులో ఉంటారు. అసలు కాగితం ఉంటే రేపు ఇంకొకరు చూసి "ఇది తప్పు" అనగలరు. లేకపోతే ఆ గీతే వేదం.

ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం. చాలా చార్టుల్లో కూతురి కొమ్మ ఒక చిన్న పెట్టెతో ఆగిపోతుంది. కోడళ్ల పుట్టింటి పేర్లు ఉండవు. పెళ్లయ్యాక అత్తవారు పేరు మార్చిన ఇళ్లయితే పుట్టింటి పేరు ఎవరికీ గుర్తుండదు. అయితే చిత్రంగా, తర్పణాల కోసం రాసుకున్న చిన్న కాగితాల్లో ఆ పేర్లు దొరుకుతాయి. తండ్రి, తాత, ముత్తాతలతో పాటు తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారి పేర్లు కూడా చెప్పాలి కాబట్టి, మరిచిపోకుండా ఎవరో పంచాంగం అట్ట వెనక రాసిపెట్టుకుంటారు. ఆ పంచాంగం అట్టను చార్టు చేసినవాళ్లు పారేస్తారు. జాతక చక్రాలూ అంతే. పుట్టిన తిథి, వారం, నక్షత్రం, ఒక్కోసారి పుట్టిన ఊరు కూడా అందులో ఉంటుంది. చిన్నతనంలోనే పోయిన పిల్లల ఆనవాలు జాతకం కట్టలో తప్ప ఇంకెక్కడా ఉండదు.

ఇక చదివింపుల పుస్తకం. పెళ్లిలో ఎవరు ఏం చదివించారో రాసుకునే నోటుపుస్తకం. ఇది పారేయమని ఇంట్లోవాళ్లే అంటారు, ఎందుకంటే బాకీ తీరిపోయింది. నాకైతే ఇంతకంటే మంచి స్థానిక చరిత్ర పత్రం కనబడదు. ఏ ఊరి నుంచి ఎవరు వచ్చారు, ఏ ఊళ్లతో వియ్యాలున్నాయి, ఊళ్లో ఏ ఇళ్లవాళ్లు వచ్చారు, ఏ ఇళ్లవాళ్లు రాలేదు, ఎవరు రూపాయలిచ్చారు, ఎవరు ఇత్తడి సామాను ఇచ్చారు, చివరి పేజీల్లో వంటవాళ్లకూ మేళగాళ్లకూ ఇచ్చిన డబ్బులెంత. ఒక ఇంట్లో రెండు మూడు తరాల పెళ్లిళ్ల పుస్తకాలు వరసగా దొరికితే చుట్టరికాల దూరం ఎలా పెరిగిందో కళ్లకు కడుతుంది. మొదటి పుస్తకంలో ఊళ్లన్నీ ఎడ్లబండి వెళ్లే దూరంలో ఉంటాయి. తర్వాతిదాంట్లో రైలు స్టేషను ఉన్న ఊళ్లు వస్తాయి. ఆ పైన బొంబాయి, మద్రాసు.

"ఇదంతా ప్రభుత్వం దగ్గర ఉంటుందిగా" అంటారు కొందరు. ఉండదు. బ్రిటన్‌లో జనాభా లెక్కల ఫారాలను 100 ఏళ్లకు, అమెరికాలో 72 ఏళ్లకు జనం చూడటానికి తెరుస్తారు. వాళ్ల వంశచరిత్రల పని సగం దాని మీదే నడుస్తుంది. మన దగ్గర 1948 నాటి సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆ రికార్డులు చూడటానికి ఎవరికీ వీల్లేదు. జనన మరణాల నమోదుకు దేశమంతటికీ ఒకే చట్టం వచ్చింది 1969లో. అంతకుముందు ఊరిని బట్టి, రాసే మనిషిని బట్టి. కాబట్టి మామూలు కుటుంబం వెనక్కి వెళ్లాలంటే మిగిలేది భూమి రికార్డూ, ఇంటి కాగితమూ.

భూమి రికార్డు తక్కువదేం కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఇనాం కమిషన్ వేశారు. ఇనాం అంటే శిస్తు లేకుండానో, తక్కువ శిస్తుకో ఇచ్చిన భూమి. ఇనాము ఎవరిచ్చారు, మొదట ఎవరికిచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, అతని వయసెంత, మొదటివాడికి ఏమవుతాడు అని అడిగి రిజిస్టర్లలో ఎక్కించారు. అగ్రహారాలకూ గుళ్లకూ మాత్రమే కాదు, ఊరి పనులు చేసే చాకలి, మంగలి, కుమ్మరి, వడ్రంగి, వెట్టివాళ్లకు ఇచ్చిన సర్వీసు ఇనాములు కూడా అందులో ఉంటాయి. తమ కుటుంబానికి రాతపూర్వక చరిత్రే లేదనుకున్నవాళ్లు ఆ రిజిస్టరులో ముత్తాత తండ్రి పేరూ వయసూ చూసుకుని బిత్తరపోవడం నేను చూశాను. ఆ తర్వాత సెటిల్‌మెంట్ రిజిస్టర్లు, ఊళ్లో డైగ్లాట్ అంటారే, అవి. అడంగళ్లు, అంటే ఏటా ఏ పొలం ఎవరు సాగు చేశారో రాసే పుస్తకాలు. తెలంగాణ వైపు ఇలాంటివే సేత్వార్లు, పహాణీలు. అక్కడ పాత కాగితాలు ఉర్దూలోనో ఫారసీలోనో ఉంటాయి. చదవలేక, పనికిరావనుకుని ఇంట్లోవాళ్లే వదిలేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. షికస్తా అనే ఆ గొలుసు రాత చదివేవాళ్లు ఇంకా ఉన్నారు.

తేదీలతో కాస్త జాగ్రత్త. ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, ఉంటే 590 కలపండి, ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ జులైలో మొదలవుతుంది కనుక ఒక్కోసారి ఏడాది అటూ ఇటూ అవుతుంది. సంవత్సరం పేరు మాత్రమే ఉంటే ఇంకా తమాషా. రక్తాక్షి అని ఉందనుకోండి, అది 1864 కావచ్చు, 1924 కావచ్చు, 1984 కూడా కావచ్చు. కాగితం, సిరా, స్టాంపు మీద ఎవరి తలకాయ ఉంది అన్నవి చూసి తేల్చాలి. ఫోటోకాపీలో ఇవేవీ తెలియవు. అసలు తెండి అని మేం పట్టుబట్టేది అందుకే.

1984లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వంశపారంపర్య గ్రామాధికారుల పదవులు రద్దయ్యాయి. రికార్డులు అప్పగించమన్నారు, అప్పగించారు. కానీ తరాల తరబడి కరణీకం చేసిన ఇళ్లలో సర్కారు రికార్డుకూ ఇంటి కాగితానికీ మధ్య గీత ఎవరు గీశారు? పాత నకళ్లు, సొంతంగా రాసుకున్న చిత్తు లెక్కలు, చెరువు నీళ్ల వంతుల పట్టీలు, పక్క ఊరితో పొలిమేర తగాదా కాగితాలు అటకల మీదే ఉండిపోయాయి. వాటిని చదవగలిగిన చివరి తరం ఇప్పుడు ఎనభైలలో ఉంది. గొలుసుకట్టు రాత, పాత లెక్కల్లో భిన్నాలకు వాడే వీసాల పరకల గుర్తులు, ఊళ్లో మాత్రమే తెలిసిన పొలాల పేర్లు వాళ్లకు తప్ప అర్థం కావు. కాగితాలు రేపు ఇచ్చినా ఫరవాలేదు. చదివి చెప్పే మనిషి దగ్గర ఈ ఆదివారమే ఫోను రికార్డరు పెట్టుకుని కూర్చోండి.

ఈ పని మనకు కొత్తేమీ కాదు. రెండు వందల ఏళ్ల క్రితమే కాలిన్ మెకంజీ అనే సర్వేయరు ఊరూరి నుంచీ చరిత్రలు రాబట్టాడు. ఆయన పేరు అందరికీ తెలుసు. అసలు నడుం కట్టింది ఏలూరికి చెందిన కావలి సోదరులు. బొర్రయ్య 1803లోనే, చిన్న వయసులో పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య తర్వాత పని నడిపాడు. కరణాల దగ్గరున్న కవిలెలు, అంటే ఊరి పాత లెక్కల కట్టలు, చూపించమని బతిమాలి, నకళ్లు తీయించి, పెద్దల నోటి మాట రాయించి కైఫీయత్తులు అనే ఊరి చరిత్రలు కూర్చారు. మెకంజీ 1821లో కలకత్తా దగ్గర చనిపోయాడు. ఆయన సేకరణను భార్య నుంచి ఈస్టిండియా కంపెనీ కొన్నది. కొంత లండన్ పోయింది, కొంత మద్రాసుకు చేరింది. ఆ పనిని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య దరఖాస్తు పెట్టుకుంటే కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ ఒప్పుకోలేదు. ఊళ్లన్నీ తిరిగిన మనిషికి ఆ పని చేతకాదని ఊళ్లు చూడనివాళ్లు తేల్చారు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండే సంగతి ఇది.

తర్వాత సి.పి. బ్రౌన్ పూనుకుని, పాడైపోతున్న ఆ కట్టలకు శుభ్రమైన నకళ్లు రాయించాడు. ఇవాళ మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో మనం చూసే తెలుగు కైఫీయత్తులు చాలావరకు ఆ చలవే. కడపలో బ్రౌన్ పేరుతో ఉన్న కేంద్రం యోగి వేమన విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ఆ జిల్లా కైఫీయత్తులను అచ్చు వేసింది కూడా వాళ్లే. మా ఊరి చరిత్ర ఎక్కడ దొరుకుతుందని అడిగే కడప వాళ్లను నేను ముందు అటే పంపిస్తాను. ఆధారమైన అసలు కవిలెలు చాలా ఊళ్లలో ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. నకలే మిగిలింది.

కైఫీయత్తు చదువుతుంటే నాకు ఒక వెలితి కనిపిస్తూనే ఉంటుంది. ఊరు ఎవరు కట్టించారు, గుడి ఎవరు ప్రతిష్ఠించారు, చెరువు ఎవరు తవ్వించారు, ఏ దొరతనం పోయి ఏ దొరతనం వచ్చింది, కరణీకం ఎవరి ఇంట్లో ఎన్నాళ్లుంది, ఇవన్నీ ఉంటాయి. చెరువు మట్టి మోసినవాళ్ల పేర్లుండవు. చెప్పింది కరణం, రాసుకున్నది అధికారి మనుషులు. ఊరిలో మిగతా ఇళ్ల సంగతి ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

అలాంటి ఇళ్ల వంశాలు రాతలో కాక నోట్లో ఉండేవి. పద్మశాలీలకు కూనపులివాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు, యాదవులకు మందెచ్చులవాళ్లు, రెడ్లకు ఇప్పుడు వంశరాజ్ అని పిలుచుకుంటున్న వాళ్లు. ఏటా ఊరికి వచ్చి, గోత్రాలూ ఇంటిపేర్లూ కులపురాణమూ చెప్పి, త్యాగం, అంటే తమకు రావలసిన కట్నం, తీసుకుని పోయేవారు. ఇవాళ వాళ్ల పిల్లలు ఆ పని చేయడం లేదు, చేయమనడానికి మనమెవరం? తెలుగు విశ్వవిద్యాలయానికి వరంగల్లులో జానపద, గిరిజన అధ్యయనాల పీఠం ఉంది. ఈ కళాకారులను రికార్డు చేసిన పరిశోధకులూ ఉన్నారు. అయినా మీ ఊరికి ఇంకా ఎవరైనా వస్తుంటే, వాళ్ల అనుమతితో, వాళ్లకు ఇవ్వాల్సింది ఇచ్చి, రికార్డు చేయండి. టేపు మీద మొదట వినిపించాల్సింది చెప్పేవాళ్ల పేరు. "ఒక బిచ్చగాడు పాడిన పాట" అని రాసి ఉన్న క్యాసెట్ ఒకటి మా దగ్గరుంది. పాడిందెవరో ఇక తెలిసే దారి లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ మధ్య ఒక పెద్దాయన, పాత భూస్వామి కుటుంబం, ట్రంకు పెట్టె నిండా లెక్కల పుస్తకాలు తెచ్చారు. మనవరాలు కారులో దింపి వెళ్లిపోయింది, ఆయన మా గదిలో కూర్చున్నారు. చిట్టాలు, ఆవర్జాలు, కౌలు కాగితాలు, ప్రోనోట్లు. ఆయనకు కావలసింది తమ తాతగారు గుడికి రాసిచ్చిన భూమి దస్తావేజు భద్రంగా ఉండటం. మిగతా పుస్తకాలను ఆయన పక్కకు తోసేస్తున్నారు.

"అవి వద్దులేమ్మా. పాలేళ్ల జీతాల లెక్కలు. ఎవడికి ఎన్ని కుంచాలు కొలిచాం, ఎవడు ఎంత బాకీ. మా పరువు తీసుకోవడానికా?"

"మాస్టారూ, ఈ బాకీ పడినవాళ్ల మనవళ్లు ఉంటారు కదండీ. వాళ్ల తాత పేరు కాగితం మీద ఇంకెక్కడుంది?"

ఆయన మాట్లాడలేదు. నేనూ రెట్టించలేదు. టీ తాగి, దస్తావేజు ఒక్కటి ఇచ్చి, పెట్టె తీసుకుని వెళ్లిపోయారు. ఆ రోజు నాకు మనసు చివుక్కుమంది. కొన్ని నెలల తర్వాత మనవరాలే ఫోన్ చేసి పెట్టె మొత్తం పంపింది. ఎలా ఒప్పించిందో నేను అడగలేదు.

ఆ జీతాల పుస్తకాల్లో ఏముందో చెప్పాలి. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. పనిలో చేరిన తిథి, ఏడాదికి ఒప్పుకున్న గింజలు, పండక్కి ఇచ్చిన బట్టలు, పెళ్లికి తీసుకున్న అప్పు, కొడుకును పనికి కుదిర్చిన రోజు, భార్య నాట్లకు వచ్చిన రోజులు, మందులకు ఇచ్చిన డబ్బు. చివర్లో నిశాని, అంటే సంతకం బదులు పెట్టిన గుర్తు. కొడుకు పేజీలో "ఫలానావాడి కొడుకు" అని ఉంటుంది, తండ్రి బాకీ అక్కడికి మోసుకొస్తుంది. అప్పు ఎలా తరం దాటుతుందో అంకెల్లో కనిపిస్తుంది. వెట్టిచాకిరీ నిషేధ చట్టం 1976లో వచ్చింది. దానికి ముందు బతుకు ఎలా ఉండేదో చెప్పే పత్రం ఇంతకంటే ఏం కావాలి? పైగా వంశవృక్షం గీయడానికి కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, భార్య పేరు, పిల్లలు, సుమారు వయసు. భూస్వామి ఇంటి చార్టులో కోడళ్ల పేర్లు లేవు గానీ పాలేరు భార్య పేరు మాత్రం ఆయన లెక్కల పుస్తకంలో ఉంది, కూలి ఇవ్వాలి కాబట్టి.

కాబట్టి నేను గట్టిగా అనుకునేది ఇది. మీ అటక మీది కాగితాలు మీ ఒక్కరి చరిత్ర కావు. మీ తాత అప్పిచ్చినవాడు, మీ పొలం కౌలు చేసినవాడు, మీ పెళ్లికి సన్నాయి ఊదినవాడు, వాళ్లందరూ మీ పెట్టెలో ఉన్నారు. మీ బీరువాలో ఉంటే వాళ్ల మనవళ్లు వచ్చి తలుపు కొట్టి అడగలేరు. విశ్వవిద్యాలయంలో ఉంటే ఒక దరఖాస్తు రాసి, గుర్తింపు కార్డు చూపించి, బల్ల దగ్గర కూర్చుని చూసుకోవచ్చు. ఎవరి దయా అక్కర్లేదు.

ఇవ్వాలనుకున్నాక ఇంట్లో చేయకూడని పనులు కొన్ని ఉన్నాయి. చిరిగినచోట సెల్లోటేప్ వేయకండి. ఆ జిగురు పసుపు మరకై కాగితంలోకి ఇంకుతుంది, తీయడం మాకు నరకం. లామినేషన్ అసలొద్దు. తాళపత్రాలు ఎండబెట్టడం, వాటికి ఇంట్లో ఉన్న నూనె పూయడం వద్దు. మేం నిమ్మగడ్డి నూనె వాడతాం, అదీ ఆకు పరిస్థితి చూసి. చెదలు కనిపిస్తే ఆ కట్టను వేరే పెట్టెలో పెట్టి మాకు ముందే చెప్పండి. కొత్తగా వచ్చినవాటిని మేం ఎలాగూ నేరుగా స్టాకులోకి పంపం, విడిగా ఉంచి పురుగు లేదని తేలాకే లోపలికి.

అన్నిటికన్నా ముఖ్యం, సర్దకండి. మీరు మంచి ఉద్దేశంతోనే తేదీల వరసలో పెడతారు, ఉత్తరాలు ఒకవైపు, రశీదులు ఒకవైపు. కానీ ఏ గుడ్డలో ఏ కాగితాలు కలిపి కట్టారన్నదే ఒక సమాచారం. కోర్టు దావా కట్టలో ఒక జాతకం ఉందంటే, ఆ దావా మైనరు వయసు గురించి అయి ఉంటుంది. జాతకాన్ని తీసి జాతకాల్లో పెడితే ఆ సంబంధం తెగిపోయింది. స్టాంపు కాగితాల ఫోటో తీస్తే వెనకవైపు కూడా తీయండి, రిజిస్ట్రారు రాతలూ ముద్రలూ అక్కడే ఉంటాయి. ఇంటి ఫోటోల వెనక, అంచున, మెత్తని పెన్సిలుతో పేర్లు రాయండి. "అమ్మమ్మ" అని రాస్తే మాకు ఉపయోగం లేదు. ఎవరి అమ్మమ్మ?

ఎక్కడ ఇవ్వాలని అడుగుతారు. హైదరాబాద్‌లో ఉస్మానియా ఆవరణలో ప్రాచ్యలిఖిత భాండాగారం ఉంది. తిరుపతిలో దేవస్థానం 1939లో పెట్టిన ప్రాచ్య పరిశోధన సంస్థ 1956 నుంచి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. ఇవి ప్రధానంగా గ్రంథాల కోసం పెట్టినవి. మీ జిల్లా విశ్వవిద్యాలయంలో చరిత్ర శాఖలో ఆసక్తి ఉన్న అధ్యాపకులుంటే ఒక్కోసారి అదే మంచి చోటు. ఎక్కడైనా సరే, పేరు చూసి మురిసిపోయి ఇచ్చేయకండి. నాకు తెలిసిన ఒక కుటుంబం రెండు పెట్టెల కాగితాలు ఒక విశ్వవిద్యాలయానికి ఇచ్చింది. సన్మానం చేశారు, శాలువా కప్పారు, పత్రికలో ఫోటో వేశారు. రశీదు మాత్రం ఇవ్వలేదు. ఏళ్ల తర్వాత వాళ్లబ్బాయి చూద్దామని వెళితే, తీసుకున్న ప్రొఫెసరుగారు రిటైరయ్యారు, పెట్టెలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. గోనెసంచుల్లో మెట్ల కింద దొరికాయి. పేరు చెప్పను, అలాంటివి ఒకటి కాదు.

శాలువా వద్దని, అక్సెషన్ నంబరు, అంటే గ్రంథాలయం రిజిస్టరులో మీ కాగితాలకు వేసే సంఖ్య, అడగండి. ఇచ్చిన ప్రతి కట్టకూ జాబితా, దాని మీద అధికారి సంతకం, ఒక ప్రతి మీ దగ్గర. దానమా, లేక మీ పేరనే ఉంచి భద్రపరచమని ఇవ్వడమా అన్నది రాతలో ఉండాలి. అసలు ఇవ్వడానికి మనసొప్పకపోతే స్కాన్ చేసుకోనిచ్చి తిరిగి తీసుకోవచ్చు. బ్రిటిష్ లైబ్రరీ 2004 నుంచి నడుపుతున్న ప్రమాదంలో ఉన్న దస్తావేజుల పథకం కూడా ఈ పద్ధతిలోదే, అసలు పత్రాలు దేశం దాటవు. దాటడం అంటే గుర్తొచ్చింది. 75 ఏళ్లు దాటిన, చారిత్రక విలువ ఉన్న చేతిరాత ప్రతి 1972 చట్టం కింద పురావస్తువు. అబ్బాయి సూట్‌కేసులో తాతగారి తాళపత్రాలు పెట్టి పంపించే ముందు ఈ సంగతి ఆలోచించుకోండి.

గుట్టు కాగితాల మాట కూడా ఒప్పందంలోనే రాయించుకోవచ్చు. దత్తతలు, మనోవర్తి దావాలు, అన్నదమ్ముల ఉత్తరాల్లో తిట్లు. ఫలానా కట్టను ఇన్నేళ్లపాటు ఎవరికీ చూపించవద్దు అంటే మూసే ఉంచుతాం. బతికున్నవాళ్ల బ్యాంకు కాగితాలు, ఆధార్ నకళ్లు తీసేసి ఇవ్వండి, అవి మాకెందుకు? కానీ పరువు కోసం పేజీలు చింపకండి. చింపిన పేజీ మొదలు పుస్తకంలో ఎప్పటికీ కనిపిస్తుంది, దాన్ని చూసినవాళ్లు ఉన్నదానికంటే ఘోరమైనదేదో ఊహించుకుంటారు.

ఆ జీతాల పుస్తకాలకు ఇప్పుడు పేర్ల సూచిక తయారు చేస్తున్నాం. అక్కడే తగాదా పడ్డాం. పుస్తకంలో పాలేళ్ల పేర్లు రాసిన తీరు మీకు తెలుసు, ముందు కులం, వెనక "గాడు". పుల్లిగాడు. ఉన్నది ఉన్నట్టు ఎక్కించాలని నియమం, పత్రాన్ని మార్చే హక్కు మాకు లేదు. సరే, కానీ వెతకడానికి వచ్చే మనిషి తన ముత్తాతను ఆ పేరుతో వెతకాలా? ఆ ఊరి నుంచే వచ్చి మా దగ్గర పిహెచ్‌డీ చేస్తున్న ఒక అబ్బాయి ఆ పేజీ చూసి, "మా ఇంట్లో ఆయన్ని పుల్లయ్య అంటాం మేడమ్" అన్నాడు. దాంతో పత్రం నకలులో ఉన్నది ఉన్నట్టు ఉంచి, సూచికలో పుల్లయ్య అని ఎక్కించి, పుల్లిగాడు అని వెతికినా అక్కడికే వచ్చేలా పెట్టాం. మా సీనియర్ ఒకాయనకు ఇది ఇష్టం లేదు, చరిత్రను సవరిస్తున్నామని ఆయన వాదన. ఇంకో చిక్కు, మా సాఫ్ట్‌వేర్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలితే ముందుకు కదలదు. ఈ మనుషుల ఇంటిపేర్లు పుస్తకంలో ఎవరూ రాయలేదు. ఆ అబ్బాయి తన ఇంటిపేరు చెప్పాడు కాబట్టి పుల్లయ్యది నిండింది. మిగతావాళ్లకు ప్రస్తుతానికి గీత పెడుతున్నాం. ఆ ఊరికి వెళ్లి పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఒక్కో పేజీ చదివి వినిపించాలని ప్రతిపాదన పెట్టాను, ఫైలు పైన ఉంది.